వాడ సీసాలన్నీ మా ఇంట్లోనే

నాకు కోపం ఎక్కువ. నా నోరు బీడీ ఆకు కోసే కత్తెర లాంటిదని మా వదినె అంటుంది. అననీ. ఇదంతా ఆ కోపంతోనే చెబుతున్నాను. చల్లారాక నిమ్మళంగా చెబుదామని చాలా రోజులు ఆగాను కానీ అది చల్లారేట్టు లేదు.

మాది బోధన్ నుంచి కోటగిరి పోయే దారిలో ఒక ఊరు. మా ఆయన జబ్బుచేసి పోయాక నేను పుట్టింటికే, అంటే అన్న దగ్గరికే వచ్చేశాను. ఇంట్లో అన్న, వదినె, నేను. వాళ్లకు పిల్లలు లేరు. వదినె, నేను పొద్దంతా బీడీలు చేస్తాం. అన్న చక్కెర ఫ్యాక్టరీలో పాన్‌మ్యాన్. చెరకు రసం ఉడికి ఉడికి గింజకట్టే పెద్ద పాన్ల దగ్గర నిలబడి, గాజుపలక మీద రెండు చుక్కలు వేయించుకుని, వెలుతురుకు పట్టి చూసి, చాలు అనేవాడు. ఆయన చాలు అంటే చాలు. పై ఆఫీసరైనా ఆయన నోటివైపు చూడాల్సిందే.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. ఎందుకు మూతపడిందో బోధన్‌లో ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా తలా ఒక కథ చెబుతారు, నేను దాని జోలికి పోను. మా అన్నకు ఏమైందో అదే నాకు తెలుసు. మళ్లీ తెరుస్తారట అన్న మాట చెవిన పడ్డప్పుడల్లా ఖాకీ అంగీ ఉతికించి ఇస్త్రీ చేయించుకునేవాడు. "పెండ్లికొడుకు తయారైండు" అని వదినె ఎగతాళి చేసేది. కొన్నేళ్లకు ఆమె ఎగతాళి చేయడం మానేసింది.

ఊరికే కూర్చునే మనిషి కాడు. తైవాన్ పంపు ఒకటి కొనుక్కుని, వీపుకు తగిలించుకుని, పొలాలకు పురుగుమందు కొట్టడానికి పోసాగాడు. ఊళ్లో వరి, సోయా, పసుపు, పక్కన క్యాంపులో కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ రైతుల మళ్లు. పిలుపు వస్తే చాలు పోయేవాడు. సాయంత్రం వాకిట్లో నిలబడి, వదినె నీళ్లు పోస్తుంటే, చర్మం ఊడిపోతుందేమో అన్నంతసేపు ఒళ్లు రుద్దుకునేవాడు.

మా దగ్గర ఒక అలవాటుంది. పొలం దగ్గర మోటరు కొట్టంలో పెడితే దొంగలు ఎత్తుకుపోతారని, కొట్టగా మిగిలిన మందు సీసాను రైతులు ఇంటికి తెచ్చుకుంటారు. తెచ్చి ఎక్కడ పెడతారు? వంటింటి అల్మారాలో, బియ్యం డ్రమ్ము వెనక, మంచం కింద. ఎవరిని తప్పుపట్టాలి? మా నాయన కూడా అట్లాగే పెట్టేవాడు. అయితే మా వాడలో ఇంటర్ చదివే పిల్ల ఒకతె పరీక్ష పోయిందని ఆ ఇంట్లో ఉన్న మందే తాగి చచ్చిపోయింది. ఆ సీసా అక్కడ లేకపోతే ఆ పిల్ల ఏం చేసేది? కాసేపు ఏడ్చేది, తల్లిచేత నాలుగు తిట్లు తిని పడుకునేది, తెల్లారి లేచేది. ఇప్పటికీ ఆ తల్లి ఎదురైతే నేను తల దించుకుని పోతాను.

వాడంతా బెదిరిపోయింది. ఆశా వర్కరు ఇల్లిల్లూ తిరిగి, మందు సీసాలు ఇళ్లలో పెట్టకండి, ఒకచోట తాళం వేసి పెట్టండి అని చెప్పింది. అందరూ మా ఎదురింటాయన అరుగు మీద కూర్చున్నారు. ఎదురింటాయన పసుపు రైతు. వాడలో ఆయనంత గట్టిగా నవ్వే మనిషి లేడు. ఆయన నవ్వు మా వంటింట్లోకి వినపడేది. ఆయనే అన్నాడు:

"గీ ఫికరంత ఎందుకుర? మన పాన్‌మ్యాన్ ఇంట్ల పెడదాం. తాగుడు లేదు, లొల్లి లేదు, ఇంట్ల పిల్లలు సుత లేరు. గంత నెమ్మదైన మనిషి మన వాడల ఎవడున్నడు చెప్పుండ్రి?"

అందరూ అవునంటే అవునన్నారు. మా అన్న మొహం చూడాలి మీరు. ఫ్యాక్టరీ పోయినాక ఆయన్ను ఎవరైనా నమ్మి ఒక పని అప్పగించడం అదే మొదలు. లోపలి నుంచి తన పనిముట్ల ఇనుప పెట్టె తీసి, కడిగి, వెనక గదిలో పెట్టాడు. ఎవరి సీసా ఏదో తెలియడానికి ఒక్కో ఇంటికి ఒక్కో రంగు దారం సీసా మెడకు కట్టాడు. పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. స్నానానికి కూడా విప్పేవాడు కాదు. ఎదురింటాయన రోజూ పొద్దున "సలామ్ స్టోర్ సాబ్!" అని కేక వేసేవాడు. అన్న సిగ్గుపడుతూ చెయ్యెత్తేవాడు. నేను కూడా మురిసిపోయాను, అబద్ధమెందుకు!

అందరి ఇళ్లూ భద్రమయ్యాయి. ఆ సీసాలన్నీ మా ఇంట్లో చేరాయి. ఆ మాట అప్పుడు వాడలో ఒక్కరి నోటా రాలేదు.

తర్వాత డ్రోన్లు వచ్చాయి. మొదట క్యాంపు వాళ్లు తెప్పించారు. ఇద్దరు పడుచువాళ్లు ఆటోలోంచి ఒకదాన్ని దింపి, గట్టు మీద నిలబడే ఉండి, మడి మడంతా కొట్టేసి, చేతులు దులుపుకుని పోయారు. క్యాంపు పెద్దాయన మా అన్నతో మంచిగానే అన్నాడు: "నువ్వీ వయసులో ఆ బరువు మొయ్యడమెందుకయ్యా, ఇక కాస్త సుఖపడు." సుఖపడమన్నాడు! అన్న ఇంటికొచ్చి పంపు కడిగి, తుడిచి, గోడకు తగిలించాడు. ఆ రోజునుంచి పిలుపులు తగ్గుతూ వచ్చి, చివరికి ఎవరూ పిలవలేదు.

మనిషి మెల్లమెల్లగా ఆరిపోతుంటే ఇంట్లో ఉన్నవాళ్లకు తెలియదు, నిజం చెబుతున్నాను. గడ్డం గీసుకోవడం మానేశాడు. పళ్లెంలో అన్నం కలిపి, కలిపి, అట్లాగే లేచేవాడు. తెల్లవారక ముందే లేచి గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. "ఏం ఆలోచిస్తున్నవ్ అన్నా?" అంటే "ఏం లేదే చెల్లె" అనేవాడు. నేను కసిరాను కూడా: "ఏం లేకుంటే లేచి రెండు కట్టలు ఆకన్న తడుపు!" లేచి ఆకు తడిపాడు. మళ్లీ వచ్చి అక్కడే కూర్చున్నాడు. ఒకరోజు తైవాన్ పంపును పక్క ఊరివాడికి ఊరికే ఇచ్చేశాడు. ఇంకోరోజు ఖాకీ అంగీలు. అప్పుడు నేను వదినెను పక్కకు పిలిచి చెప్పాను.

వదినె గాలి సోకిందంది. నిమ్మకాయలతో దిష్టి తీసింది, దర్గా నుంచి తాయత్తు తెచ్చింది. మా సందు చివర ముసలామె ఒకతె ఉంటుంది, వాడంతా ఖాలా, అంటే చిన్నమ్మా, అని పిలుస్తుంది. ఆమె భర్త ఫ్యాక్టరీలో స్టోర్‌కీపర్‌గా చేసి పోయాడు. ఒంటరి మనిషి, మా అవ్వ పోయాక మాకు అవ్వలాంటిది. తాయత్తు చూసి ఆమె అంది: "కట్టు బేటీ, మంచిదే. కట్టినంక దవాఖానకు సుత తీస్కపో."

నిజామాబాద్ తీసుకుపోయాం. బస్సులో అన్న కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. దవాఖానలో డాక్టరమ్మ చిన్న పిల్లలా ఉంది. తిండి, నిద్ర అడిగింది. అడిగి అడిగి, ఎంత తేలిగ్గా అడిగిందంటే, "చచ్చిపోవాలనిపిస్తుందా?" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక మనిషిని మొహం మీద అట్లా అడుగుతారా? లేని ఆలోచన పుట్టిస్తారా? నేను నోరు తెరిచేలోపే అన్న అన్నాడు: "అనిపిస్తది మేడమ్."

చాయ్ తాగుతావా అంటే తాగుతా అన్నట్టు అన్నాడు. వదినె కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నాళ్లూ ఆయన పక్కనే కూర్చుని బీడీలు చుట్టిన నేను ఆ ఒక్క మాట అడగలేదు. ఆ డాక్టరు పిల్ల అడిగింది.

గోలీలు రాసి, అన్నను బయట కూర్చోబెట్టి, నన్ను లోపలికి పిలిచింది. "ఇంట్లో పురుగుమందులు ఉన్నాయా?" అంది. నవ్వు వచ్చింది నాకు, పిచ్చి నవ్వు. ఉన్నాయా అంటే? వాడవన్నీ ఉన్నాయి! తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది! చెప్పాను. ఆమె రాస్తున్న కలం పక్కన పెట్టింది. "చూడక్కా, గోలీలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు ఆయన్ను ఒంటరిగా వదలొద్దు. ఆ చెడ్డ గడియ వస్తుంది, పోతుంది. అది వచ్చినప్పుడు చేతికి ఏమీ దొరక్కపోతే మనిషి మిగులుతాడు. ముందు ఆ పెట్టె ఇంట్లోంచి తీయించు" అంది. కోపం ఎటు పోయిందో, ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది.

ఇంటికి రాగానే అడిగాను. "అన్నా, తాళంచెవి నాకియ్యి."

ఆయన చెయ్యి మొలమీదికి పోయింది. "ఎందుకే?"

"ఊకెనే. నేను చూసుకుంట."

"వాడంత నన్ను నమ్మి ఇచ్చిండ్రు. నువ్వు నమ్ముతలేవా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నా ప్రాణం తీసింది. "గీ ఒక్క ఇజ్జత్ మిగిలింది చెల్లె. గిది సుత తీస్కుంటవా?"

గుంజుకుంటే ఆయన ఉన్న ఒక్క మర్యాదా పోతుంది. వదిలేస్తే ఆయనే పోతాడు. ఇల్లిల్లూ తిరిగాను, ఎవరి సీసాలు వాళ్లు తీసుకోండి, బయట ఎక్కడైనా పెట్టుకోండి అని. ఎందుకని అడిగారు. అన్న సంగతి చెప్పడానికి నోరు రాలేదు, ఇంట్లో చోటు లేదన్నాను. "మా ఇంట్ల పిల్లలున్నరు అక్కా", "మా ఇంట్ల ముసలోల్లున్నరు", "మీ ఇంట్ల అయితేనే భద్రం". భద్రమట! వాళ్ల భద్రంలో మన్నుపొయ్య! ఇంటికొచ్చి బీడీ చాట విసిరికొట్టాను. తంబాకు వాకిలంతా పడింది. వదినె ఊడ్చింది.

దారి చూపింది ఖాలా. అన్నను పిలిచి, నా ముందే అడిగింది: "బేటా, ఫ్యాక్టరీల తేజాబ్ కొట్టుకు, గా యాసిడ్ పెట్టే అర్రకు, తాళాలు ఎన్నుండె?"

"రెండు ఖాలా. ఒకటి మీ సాబ్ కాడ, ఒకటి షిఫ్ట్ ఇంచార్జ్ కాడ. ఇద్దరు నిలబడితెనే తీసెటోల్లం."

"మరి నీ పెట్టెకు ఒకటే ఎందుకున్నది? గింత జహర్, గింత విషం ఉన్నదాండ్ల. నా కొట్టుగదిల పెట్టు, ఇంకో తాళం వెయ్యి, దాని చెవి నాకియ్యి. సీసా ఎవలదో వాల్లు సుత వచ్చి నిలబడాలె. రూల్ అంటే రూల్."

అన్న మొలతాడుకున్న చెవిని తడుముకున్నాడు. తర్వాత తలూపాడు. "నిజమే ఖాలా. గా రూల్ నేను మర్శిపోయిన." ఎదురింటాయనను సాయం పిలిచి పెట్టె మోసుకుపోయి, కొత్త తాళం తనే బిగించి, చెవి ఖాలా చేతిలో పెట్టాడు. తన చెవి తన మొలతాడుకే ఉంది. మర్యాద ఎక్కడికీ పోలేదు. నేను ఖాలా చేతులు పట్టుకుని ఏడ్చాను. "చల్, ఏడ్వకు. గోలీలు మింగిపియ్యి" అంది.

వదినె, నేను వంతులేసుకుని ఆయన్ను కనిపెట్టుకుని ఉన్నాం. అయినా ఎంతని? వరికోతల సమయంలో ఒక మధ్యాహ్నం వదినె పుట్టింటికి పోయింది. నేను చేసిన బీడీలు అప్పగించడానికి కార్ఖానాకు పోవాల్సొచ్చింది. అన్న నిద్రపోతున్నాడు, వెంటనే వద్దామనుకున్నాను. ఆ మధ్యలోనే ఆయన లేచి ఖాలా ఇంటికి పోయాడు. కాళ్లకు చెప్పులు లేవు. "తాళం తియ్యి ఖాలా. క్యాంపోల్లకు మందు కావాల్నంట" అన్నాడు.

పంట కోస్తున్నప్పుడు మందేమిటి? ఖాలాకు తెలుసు. అయినా పైకి తేలనీయలేదు. "క్యాంపాయన ఏడి? ఆయన రానీ. నాకు నమాజ్ టైమయింది బేటా, అందాక గీడ కూసో. నన్నిడిసి పోకు, మోకాళ్లు నొస్తున్నయి, లేవనీకి చెయ్యియ్యాలె నువ్వు" అని తన పక్కనే కూర్చోబెట్టుకుంది. పక్కింటామెను కేకేసి నాకోసం పంపింది. అప్పుడు నమాజు చదివింది. ఆమె లేస్తుంటే అన్న చెయ్యిచ్చాడు. చాయ్ పెట్టింది. నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి అన్న ఆమె ఒడిలో తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. నేనేం తిట్టలేదు. పక్కన కూలబడి ఆయన వీపు నిమిరాను.

తర్వాత నాతో అన్నాడు: "ఎప్పుడు పోయిందో తెల్వది చెల్లె, ఆ గడియ పోయింది. చాయ్ తాగెటాల్లకు ఇంటికి పోవాలనిపించింది."

మళ్లీ నిజామాబాద్ పోయాం, అన్నను కొన్నాళ్లు దవాఖానలోనే ఉంచారు. ఈలోగా సంగతి వాడంతా పాకింది. సానుభూతి చూపిస్తారనుకున్నాను, ఎంత పిచ్చిదాన్ని! "మతి తప్పినోని కాడ తాళముంటే ఎట్ల?" అన్నారు. ఖాలా గుమ్మం ముందు గుంపుకట్టారు. అన్న ఇచ్చిపోయిన చెవి నా దగ్గరే ఉంది కాబట్టి నన్ను పిలిపించారు. నేను అడ్డం నిలబడి అరిచాను. "అరే, రెండు తాళాలుండబట్టే మనిషి దక్కిండు! ఇండ్లల్లకు తీస్కపోకుండ్రి!" ఎవరు వింటారు? ఎవరి రంగు దారం చూసుకుని వాళ్లు సీసాలు పట్టుకుపోయారు, మళ్లీ అదే అల్మారాల్లోకి, అదే మంచాల కిందికి. ఎదురింటాయన అందరికంటే చివర వచ్చాడు. "నీకెందుకన్నా, ఈడనే ఉండనీ" అన్నాను. ఆయన ఎప్పటిలాగే గట్టిగా నవ్వాడు. "నాకేమైతదే పిచ్చిదానా!"

పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఎదురింటాయన పోయాడు. ఇంట్లో ఉన్న సీసాతోనే. ఎందుకని ఆయన భార్యను అడిగారు, కొడుకును అడిగారు. తలా ఒకటి చెప్పారు, ఏదీ సరిపోలేదు. ఆ ముందురోజు కూడా నవ్వాడని అందరూ చెప్పుకున్నారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా మండింది. ఆ సీసా ఖాలా కొట్టులో ఉంటే ఆయన కూడా ఒక చాయ్ తాగి ఇంటికొచ్చేవాడు కాదా? ఎవరిని కొట్టాలి నేను?

అన్న అప్పటికి ఇంటికొచ్చాడు. బాగైపోయాడని చెప్పను. గోలీలు మింగుతున్నాడు, కొన్ని రోజులు బాగుంటాడు, కొన్ని రోజులు మళ్లీ గోడకు ఆనుకుంటాడు. దోస్తు పాడె మోశాడు. నాకు భయమేసింది, ఈ చావు ఈయన్ను కూడా లాగుతుందేమోనని. దినాలు అయిన మరునాడు పొద్దున లేచి గడ్డం గీసుకున్నాడు. మంచి అంగీ వేసుకున్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "ఏడికి అన్నా?" అన్నాను.

"సంచి పట్టుకొని నా ఎంబడి రా."

మొదటి ఇంటి ముందు నిలబడ్డాడు. ఇంటాయన బయటికొచ్చాడు. మా అన్న, గట్టిగా మాట్లాడడం రాని మా అన్న, సందంతా వినపడేట్టు అన్నాడు: "నేను సద్దామనుకున్న. సీసాకోసం పోయిన. ఖాలా తాళం తియ్యలే, గందుకే ఉన్న. నా దోస్తు ఇంట్ల తాళం లేకుండె. మీ సీసాలు ఇయ్యుండ్రి, ఖాలా కొట్టుల పెడుత. తాళంచెవి నాకొద్దు. రెండూ ఆడోల్ల కాడనే ఉంటయి."

నేను తల ఎత్తలేకపోయాను. సిగ్గుతో కాదు. ఆ మాట దాచడానికి మేం ఎన్ని అబద్ధాలాడామో! ఆయనే తన నోటితో నడివీధిలో చెప్పేశాడు. ఆ ఇంటాయన "సూద్దాం తియ్యి" అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. రెండో ఇంట్లో ఒకామె రెండు సీసాలు తెచ్చి సంచిలో వేసింది.

మూడో ఇంటి ముందు కూడా అన్న అదే మాట మొదలుపెట్టాడు. సగంలోనే ఆ ఇంటి ఇల్లాలు బయటికొచ్చింది. చేతిలో సీసా ఉంది. సంచిలో వేసింది, వేసి లోపలికి పోలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ఒకసారి వెనక్కి, ఇంట్లోకి చూసింది. గొంతు తగ్గించింది.

"అన్నా, మా ఆయన సుత గిట్లనే గోడకు కూసుంటుండు. అన్నం తింటలేడు. అడిగితే ఏం లేదంటడు." ఆమె తలుపు ఇంకాస్త తెరిచింది. "జర లోపలికొచ్చి నువ్వు మాట్లాడరాదు?"

అన్న నా వైపు ఒకసారి చూశాడు. చెప్పులు విడిచి లోపలికి పోయాడు.